రాణీబీ పేరు

ఎమ్మిగనూరు బస్సు ఇంకా రాలేదు. సర్దార్‌బీ గోరీ అరుగు మీద కూర్చుని కింద రోడ్డు మలుపు వైపే చూస్తోంది. మలుపు పక్కన దూది మిల్లు రేకుల కప్పు, దాని మీద ఇంకా అణగని ఎండ, కప్పు సందుల్లోంచి లేచి ఎటు పోవాలో తెలియక తిరిగే దూది పీచు. ఈ కాలంలో ఆదోనిలో గాలిని కూడా ఏకుతారనేది అత్త దౌలత్‌బీ. ఆ పీచు ఒకటి వచ్చి కనురెప్ప మీద వాలింది. తీయబోయి ఊరుకుంది. తీయాలంటే కన్ను మూయాలి, మూసిన ఆ క్షణంలోనే బస్సు మలుపు దాటి పోతుందేమో అనిపించింది. ఎంత వెర్రి ఆలోచన. బస్సేమన్నా పిట్టా, చూడకపోతే ఎగిరిపోవడానికి. వస్తుంది. ముందు దుమ్ము లేస్తుంది, తర్వాత ఎర్రటి ముఖం కనబడుతుంది, కోడలు జమ్రుద్‌బీ అందులోంచి దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని ఈ గుట్ట ఎక్కి వస్తుంది, దీపం పెట్టే వేళకు తన పక్కన నిలబడి ఒక పేరు పిలుస్తుంది. ఒక్క పేరే. మిగతావన్నీ తను పిలవగలదు. ఆ ఒక్కటి మాత్రం తను పిలవకూడదు, ఎందుకంటే అది తన పేరు.

సర్దార్‌బీ కాదు. దాని కింద ఉన్నది.

ఈ గోరీ కట్టుబాటు అది. వేరే భాష మాట్లాడే ఊరికి కోడలుగా పోయే పిల్ల, షోలాపురానికో బళ్ళారి అవతలికో పోయే పిల్ల, పెళ్ళికి ముందు ఇక్కడికి వచ్చి గోరీ నెర్రెలో నోరు పెట్టి, పుట్టింట్లో తనను పిలిచే పేరు చెప్పిపోతుంది. అక్కడ పెళ్ళిపీటల మీదే పేరు మార్చేస్తారు మరి. తురకల పిల్లయినా బోయల పిల్లయినా ఒకటే. నెర్రె అవతలి పక్క, గోరీని చూసుకునే ఇంటి ఆడమనిషి చెవి ఆనించి వింటుంది. ఏడాదికొకసారి, పత్తి బండ్లు మార్కెట్టుకు రావడం మొదలైన తొలి శుక్రవారం, దీపం వేళ ఆ పేర్లన్నీ గట్టిగా పిలుస్తుంది. ఎవరి పేరో చెప్పదు, ఏ ఊరు పోయిందో చెప్పదు. సుంకీ, అంటుంది. కూర్చున్న ఆడవాళ్ళు ‘ఈడే ఉండాది’ అని బదులు పలుకుతారు. లాలీ, అంటుంది. ఈడే ఉండాది. మనిషి ఎక్కడ ఏ పేరుతో తిరుగుతున్నా ఆమె మాత్రం ఇక్కడే ఉంటుందని. ఒక ఏడు పిలవడం తప్పితే ఆ పేరు రాయిదైపోతుంది, మళ్ళీ పిలవకూడదు. ఎవరి పేరు వాళ్ళు పిలుచుకోకూడదు. ఈ ఇంటి ఆడవాళ్ళు తప్ప ఇంకెవరూ పిలవకూడదు. ఇన్నేళ్ళూ దౌలత్‌బీ పిలిచింది. పోయిన రంజాను నెలలో దౌలత్‌బీ పోయింది. పోయే రోజు కూడా పేర్లన్నీ వరసగా చెప్పించుకుంది, తప్పు పోయిన చోట వేలితో మంచం పట్టె మీద కొట్టింది, కడపటి పేరు దగ్గరికి వచ్చేసరికి సర్దార్‌బీ ఆగిపోతే ముసలామె కళ్ళు తెరిచి, అది కోడలికి చెప్పుకో, అంది. ఆ సంగతి ముసలామె మరిచిపోలేదు. తనే, ఇవాళ చెబుదాం రేపు చెబుదాం అనుకుంటూ. జమ్రుద్ రొట్టెలు చేస్తుంటే పక్కన కూర్చుంది ఒకసారి, చెబుదామని. పిండి తట్టే చప్పుడు ఆగితే చెబుదామనుకుంది. చప్పుడు ఆగింది. ఏమత్తా, అంది జమ్రుద్. ఏంలేదు, ఉప్పు చూసి వెయ్యి, అంది తను. కడపట నా చిన్నప్పటి పేరు నువ్వు పిలవాల, అని మాత్రం మరో రోజు అంది, ఆ పేరేదో అనలేదు. నోట్లో అంత కాలం పెట్టుకున్నది ఊడి బయటికి రావాలంటే పన్ను ఊడినట్టే ఉంటుందేమో.

అరుగు రాయి వేడి చీర మడతల్లోంచి తొడలకు తగులుతోంది. వెనక గోరీ. ఆకుపచ్చ గుడ్డ కింద రాణీబీ. ఏ రాజు కూతురో దౌలత్‌బీకి తెలియదు, వాళ్ళత్తకూ తెలియదట. తుంగభద్ర అవతలి రాజట. యుద్ధంలో ఓడిపోయి, సంధికి ఏనుగులు ఇచ్చి, కొండంత ధాన్యం ఇచ్చి, అదీ చాలక కూతుర్ని ఇచ్చాడట, ఈ కోట ఏలుతున్న సర్దారుకు. ఆ సర్దారు మాత్రం ఇక్కడివాడా? సముద్రం దాటి వచ్చినవాడు, మంచు పడే దేశం వాడు, సుల్తాను కొలువులో పెద్దవాడై ఈ రాళ్ళ మధ్య కోటకు వచ్చి పడ్డాడు. పల్లకి ఏరు దాటేటప్పుడు ఆమె తెర తీసి చూసి ఉంటుందా? చూసే ఉంటుంది. నీళ్ళు బోయీల నడుముల దాకా వచ్చి, పల్లకి అడుగు తడిసి, ఆమె అరికాళ్ళకు చల్లగా తగిలి ఉంటుంది. బండి అడుగున గడ్డి తడిసినట్టు. అవును, గడ్డి తడిసింది, బండి చక్రం సగం మునిగింది, ఎద్దు తోక ఎత్తి ఈదినట్టు నడిచింది, నాన్న తిరిగి చూసి నవ్వాడు, పత్తి బోరాల మీద ఎత్తుగా కూర్చున్న తనను. అది తన ఏరు. రాణీబీది కాదు. ఎప్పుడూ ఇంతే. ఆమె కథ మొదలుపెడితే మధ్యలో ఎక్కడో తన బండి వచ్చి చేరుతుంది, ఏది ఎవరిదో విడదీయడానికి రాదు, గింజలు తీయని పత్తిలాగా.

ఆమెకు కొత్త పేరు పెట్టారు. ఒకటి కాదు, బిరుదులతో కలిపి పొడుగాటి పేరు. అది పిలిస్తే ఆమె తిరిగి చూసేది కాదట మొదట్లో. పొగరనుకున్నారు. పొగరు కాదు, తననే పిలుస్తున్నారని తెలియకపోవడం. ఆ బాధ తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. సర్దారూ, సర్దారూ అని దౌలత్‌బీ వాకిట్లోంచి పిలుస్తుంటే తను పొయ్యి ముందు కూర్చుని, ఎవరో ఆ పిల్ల పలకదేం, అనుకునేది. రాణీబీ వెంట పుట్టింటి దాసి ఒకతి వచ్చింది. తలుపులు వేసుకుని రాణీబీని అసలు పేరుతో పిలిచేది, తల దువ్వుతూ. రెండో ఏడు దాసి చచ్చిపోయింది. అంతటితో ఆ కోటలో ఆ పేరు తెలిసిన మనిషి లేకుండా పోయింది. సర్దారు చెడ్డవాడేం కాదట. అతను కూడా జ్వరం వస్తే తన దేశం మాటల్లో వాళ్ళమ్మను పిలిచేవాడట, ఆమెకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఇద్దరూ ఒక మంచం మీద, రెండు వేరు వేరు ఊళ్ళలో. అతను ఆమె భాషలో ఒక్క మాట నేర్చుకున్నాడు. నీరు. చివరి జ్వరంలో ఆ మాటే అడిగాడు, ఆమె తాగించింది. అంత పెద్ద కాపురంలో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మాట అదొక్కటే అనేది దౌలత్‌బీ, తమలపాకు ఈనె గిల్లుతూ, పక్కింటి సంగతి చెప్పినట్టు.

ఆ తర్వాత ఆమె కోట మీది దొన దగ్గరికి పోయేది. రాతిలో నీళ్ళు నిలిచిన లోతు అది. వంగి తన పేరు తనే పిలుచుకునేది. దొన తిరిగి పిలిచేది. మొదట్లో అది దాసి గొంతులా ఉండేదేమో, తర్వాత తన గొంతులా, ఆ తర్వాత వట్టి చప్పుడులా. తండ్రి పిలిపించుకోలేదు. పిల్లలు లేరు. కడపటి రోజున చుట్టూ నిలబడ్డ పనివాళ్ళను, నా పేరుతో ఒకసారి పిలవండి, అని అడిగిందట. ఏమమ్మా నీ పేరు, అన్నారు. ఆమె నోరు తెరిచింది. పేరు రాలేదు. ఎన్నో ఏళ్ళు దొనకు చెప్పీ చెప్పీ, మనిషి అడిగేసరికి రాలేదు. అందుకే ఇవాళ్టికీ పేర్లు పిలిచేటప్పుడు అన్నిటికన్నా ముందు, ఒక ఊపిరి సేపు ఏమీ అనకుండా ఊరుకోవాలి. ఆ ఊరుకోవడం రాణీబీది. దానికి ఎవరూ బదులు పలకరు. పేరు లేనిదానికి ఏమని పలుకుతారు.

మిల్లు కూత వేసింది. కొడుకు మాబు సాబ్ ఇప్పుడు లోపలికి పోతాడు, ముక్కుకు గుడ్డ కట్టుకుని. ఈ పేర్లు పిలవడం ఆడవాళ్ళ పని, వాడికి పట్టదు. వాళ్ళ నాన్నకూ పట్టలేదు. కాదు, బడే సాబ్‌కు పట్టింది, ఒకసారి. పరుపుకు దూది ఏకుతూ, విల్లు తీగ దుంయ్ దుంయ్ అంటుంటే, ఆపకుండానే అడిగాడు, నీ పేరేంది, చిన్నప్పటిది. తను చెప్పలేదు. గోరీకి ఇచ్చిన పేరు మగవాళ్ళ చెవిన వేయకూడదన్నది అత్త మాట. మళ్ళీ అడగలేదు అతను. ఆ రోజంతా తీగ మోగుతూనే ఉంది, ప్రతి దెబ్బకూ ఏదో పేరు పెట్టి చూస్తున్నట్టు. అతను పోయాక ఆ విల్లు గోడకు వేలాడదీశారు. గాలికి ఒక్కోసారి సన్నగా పలుకుతుంది. ఇంకా వెతుకుతున్నాడేమో.

“ఏం సర్దారక్కా, రోడ్డుకి కాపలా కూసున్యావే? ఎవురన్నా ఎత్తుకపోతారనా?”

ఉచ్చీరమ్మ. మార్కెట్టు వాకిట్లో వేరుశనక్కాయలు అమ్ముకునే మనిషి. తన ఈడుదే, కానీ పిలవడానికి అక్కా అంటుంది, తనకు వయసు తగ్గుతుందని. పెళ్ళి కాకముందు నుంచీ ఏటేటా వస్తోంది. వాళ్ళక్క ఒకతి షోలాపురం పోయి, మళ్ళీ మనిషి కనబడలేదు, పేరు మాత్రం ఇక్కడ ఉంది. నెత్తి మీది మూట దించి అరుగు మీద కూలబడింది. వెనక ఇద్దరు పడుచు పిల్లలు, మిల్లులో గింజలేరేవాళ్ళు, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో నవ్వుకుంటూ వచ్చారు.

“జమ్రుదు రావాల. ఎమ్మిగనూరు బస్సుకి.”

“వస్తాదిలే. పుట్టింటికి పోయిన కోడలు యాడన్నా చెప్పిన బస్సుకి వచ్చినాదా? నేనైతే మూడు బస్సులు పోనిచ్చి నాలుగోది ఎక్కుతాంటి.”

పడుచులు పకపక నవ్వారు. సర్దార్‌బీ కూడా నవ్వింది. నవ్వుతూనే రోడ్డు చూసింది. జమ్రుద్ మంచిదే. పొద్దున బయల్దేరుతూ చెప్పింది కూడా, తమ్ముడి పెండ్లాము నీళ్ళాడింది, బిడ్డను చూసి సాయంత్రానికి వచ్చేస్తానని. ఆ పిల్లకు ఇదంతా పెద్దవాళ్ళ ముచ్చట, అంతే. మొన్న అననే అంది. ఎమ్మిగనూర్లో నన్ను జమ్రుదు అంటాండ్రి, ఈడా జమ్రుదే అంటాండారు, నాకేం పోయింది అత్తా, అని. నిజమే. దానికేం పోలేదు. పోనివాళ్ళకు పోయినవాళ్ళ సంగతి ఎట్లా చెప్పడం. చెప్పాలంటే అదే చెప్పాలి, పత్తి మార్కెట్టు, నాన్న.

పెద్ద యుద్ధం రోజులు. బండ్లు బండ్లు, ఎద్దుల చెమట వాసన, పత్తి గుట్టలు తెల్లగా మనిషికి మించి ఎత్తు. నాన్న పొద్దున్నించీ కడుపు పట్టుకునే ఉన్నాడు. తనను బండి నీడలో కూర్చోబెట్టి, ఇల్లే కూడ్రు నింగీ, బర్తీని, అన్నాడు. ఇక్కడే కూర్చో, వస్తాను. వాంతిబేది అని తర్వాత ఎవరో అన్నారు. తను కూర్చుంది. ఎండ తిరిగింది, నీడ జరిగింది, తను జరగలేదు, ఇక్కడే అన్నాడు కదా. ఎద్దులను ఎవరో విప్పుకుపోయారు. దూది కొనడానికి వచ్చిన ఒక ఆడమనిషి రెండుసార్లు తన ముందు నుంచి పోయి, మూడోసారి ఆగింది. ఏవో మాటలు అంది. తనకు ఒక్కటీ తెలియలేదు. ఆమె దౌలత్‌బీ. చెయ్యి పట్టి లేపబోతే తను బండి చక్రం ఆకు పట్టుకుని వదల్లేదట. ఏటి అవతలి నుంచి వచ్చే బండ్లను అడిగాడు మామ, ఆ ఏడూ, మరుసటి ఏడూ. ఊరేదో తనకు చెప్పరాదు, ఏటి పక్కన అని తప్ప. ఎవరూ రాలేదు. దౌలత్‌బీ తిండి పెట్టింది, తల దువ్వింది, మాటలు నేర్పింది, ఈడు వచ్చాక కొడుక్కే చేసుకుంది. నిఖా ముందు రోజు ఇక్కడికి తీసుకొచ్చి, నువ్వూ వేరే భాష ఇంటికి పోతాండావు గదే, నీ పేరు ఇడిచిపెట్టి రా, అంది. తను నెర్రెలో నోరు పెట్టి చెప్పింది. రాయి లోపల చల్లగా ఉంది, నోటికి ఏటి గాలి తగిలినట్టు. అప్పటి నుంచీ ఏడాదికొకసారి, అన్ని పేర్లూ అయ్యాక కడపటగా దౌలత్‌బీ గొంతు ఎత్తి, నింగీ, అనేది. ఈడే ఉండాది, అని ఆడవాళ్ళు అనేవాళ్ళు. ఆ మాట కోసం ఏడాదంతా బతికినట్టు ఉండేది. మామూలుగానే బతికింది, వండింది, కన్నది, ఒకరిని పూడ్చింది, కానీ ఆ మాట చప్పుడు అయినప్పుడు మాత్రం, బండి నీడలో కూర్చున్న పిల్ల దగ్గరికి ఎవరో వచ్చి భుజం మీద చెయ్యి వేసినట్టు.

కన్నడం పోయింది. ఎప్పుడు పోయిందో తెలియదు. ఏటి అవతలి బండ్లవాళ్ళు మాట్లాడుకుంటుంటే ఇప్పుడు సగం అర్థం కాదు. అమ్మ ముఖం పోయింది, ముక్కుపుడక మాత్రం ఉంది. ఇంటి వాకిలి పోయింది, గడప మీది సున్నం గీత ఉంది. మిగిలింది నాన్న అన్న ఆ ఒక్క ముక్క. దాని మధ్యలో ఇరుక్కుని ఈ పేరు. అది తీసేస్తే ఆ మాట కూడా నిలవదు. ఇల్లే కూడ్రు, బర్తీని. ఎవరితో అన్నట్టు?

దుమ్ము లేచింది. ఎర్ర ముఖం. సర్దార్‌బీ లేచి నిలబడింది, అప్పుడు కన్ను నలుపుకుంది. బస్సు మలుపులో ఆగింది. గంప దిగింది, గంప వెనక ఒక ముసలాయన దిగాడు, మేకపిల్లను చంకన పెట్టుకున్న ఒకామె దిగింది, ఏసన్న దిగాడు. బస్సు కదిలింది. మళ్ళీ ఆగుతుందేమో, లోపల నిద్రపోయి ఉంటుంది జమ్రుద్, కండక్టరు లేపుతాడు. ఆగలేదు. బస్సు పట్నంలోకి పోయింది, దుమ్ము మాత్రం కాసేపు నిలబడింది.

ఏసన్న మార్కెట్టులో పత్తి బోరాలు మోసే హమాలీ, వాళ్ళ వీధివాడే. గుట్ట సగం ఎక్కి అక్కడి నుంచే కేక వేశాడు.

“సర్దారమ్మా! నీ కోడలు రాలేదు. బాలింతకి జరమొచ్చినాదంట. రేపు తొలి బస్సుకి వస్తానని చెప్పమనింది.”

“ఇంకేమన్నా చెప్పిందా అప్పా?”

“ఆఁ. ఆ ఒక్కటీ నువ్వే పిలుచుకో అత్తా, ఎవురేమంటారు, అని చెప్పమనింది. ఏందది, కోడినా పిలిచేది? నన్ను పిల్చుకోమంటే నేనూ పిలుస్తా.”

“నిన్ను పిలిస్తే రాణీబీ లేచి పారిపోతాది, పో ఇంటికి,” అంది ఉచ్చీరమ్మ. ఏసన్న నవ్వుకుంటూ దిగిపోయాడు. సర్దార్‌బీకి కోపం రాలేదు. జమ్రుద్ మీద కూడా రాలేదు. బాలింతకు జ్వరం వస్తే ఎవరు మాత్రం వదిలి వస్తారు. కోపం ఉంటే తోడుగా ఉండేది. రేపు తొలి బస్సు. రేపటికి ఆ పేరు రాయిదైపోతుంది. దౌలత్‌బీ ఉంటే ఏమనేది? ముసలామె పేర్ల విషయంలో గట్టిది. ఒక ఏడు వాన పట్టుకుని మనిషి ఎక్కలేకపోతే, తడుస్తూ ఒక్కతే ఎక్కి పిలిచి వచ్చింది, బదులు ఎవరు పలికారత్తా అంటే, వాన, అంది.

పొద్దు కోట రాళ్ళ వెనక్కి దిగింది. రాళ్ళు నల్లబడ్డాయి. ఊదు వెలిగించింది. వత్తి నూనెలో తడిపింది, వేళ్ళు జారుతున్నాయి. కడపటి పేరు దగ్గర తను ఊరుకుంటుంది, అంతే, ఎవరూ గమనించరు, చక్కెర పంచుకుని దిగిపోతారు. అంత చిన్న సంగతి. రాణీబీ కూడా నోరు తెరిచి ఊరుకుంది. ఆమెకు గుర్తు లేక. తనకు గుర్తు ఉండి. ఏది నయం? గుర్తు ఉందా అసలు? నింగీ అన్నాడా నాన్న, నింగవ్వా అన్నాడా? నింగీ. దౌలత్‌బీ గొంతులో వినీ వినీ నాన్న గొంతు ఏదో తెలియకుండా పోయింది. వచ్చే ఏటికి అదీ ఉండదు. ఆ తర్వాత ఎప్పుడో మంచం చుట్టూ మనవరాళ్ళు నిలబడి, ఏం కావాలమ్మా, అంటే తను నోరు తెరుస్తుంది.

దీపం పెట్టింది. ఉచ్చీరమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. పడుచులు నవ్వు ఆపి కూర్చున్నారు. ఇంకో నలుగురు ఆడవాళ్ళు ఎప్పుడు వచ్చారో వచ్చి మెట్ల మీద ఉన్నారు. సర్దార్‌బీ నెర్రె ముందు నిలబడింది. మొదట ఊరుకోవాలి. రాణీబీ ఊపిరి. అందరూ తలలు వంచారు. ఆమె ఊపిరి తీసుకుంది. లోపలి నుంచి చల్లగాలి నోటికి తగిలింది, అదే చల్లదనం, బండి అడుగున తడిసిన గడ్డి, పల్లకి అడుగున తడిసిన పట్టు, ఏరు ఒకటే కదా, ఇద్దరూ దాటింది ఒకటే ఏరు. పేరు లేనిది ఆమె. పిలిచే దిక్కు లేనిది తను. ఎవరి పేరు వాళ్ళు పిలుచుకోకూడదు, కానీ ఇది ఇప్పుడు ఎవరి చోటు?

“నింగీ,” అంది.

గొంతు తనది కానట్టు పెద్దగా వచ్చింది. వంచిన తలలు లేచాయి. పడుచుల్లో ఒకతి రెండోదాని చెవిలో, “రాణీబీ పేరంటనా అది? తెలిసినాదంటనా?” అంది. ఎవరూ బదులు పలకలేదు. పలకాలో వద్దో వాళ్ళకు తెలియలేదు. ఈ చోట ఎప్పుడూ ఎవరూ పలికింది లేదు. సర్దార్‌బీ వెనక్కి తిరగలేదు. రాయినే చూస్తోంది. ఉచ్చీరమ్మకు తెలుసు. ఇన్నేళ్ళు విన్న చెవులు అవి, ఈ పేరు కడపట వచ్చే పేరని ఆమెకు తెలియకుండా ఉండదు. ఇప్పుడు అంటుంది, వరస తప్పినావే అక్కా, అని.

మూట జరిపిన చప్పుడు. వేరుశనక్కాయల గలగల. తర్వాత ఉచ్చీరమ్మ గొంతు, మార్కెట్టులో కాయలమ్మే గొంతు కాదు.

“ఈడే ఉండాది.”

పడుచులు అందుకున్నారు. మెట్ల మీది వాళ్ళూ అందుకున్నారు. ఈడే ఉండాది. సుంకీ, అంది సర్దార్‌బీ. ఈడే ఉండాది. లాలీ, అంది. దానీ. హుసేనీ. మారెక్క. పేర్లు వరసగా వచ్చాయి, ఒక్కటీ జారలేదు, మంచం పట్టె మీద వేలి దెబ్బ ఎక్కడా వినిపించలేదు. కిందెక్కడో రైలు పోయింది, పోయేదాకా ఆగి మళ్ళీ పిలిచింది. చీకటి అరుగు అంచు దాకా వచ్చింది. అన్నీ అయ్యాయి. కడపటి చోటు మిగిలింది, ఇన్నేళ్ళూ తనది అయినది. అక్కడ ఆమె తల వంచి ఊరుకుంది, ఒక ఊపిరి సేపు. ఏరు దాటి వచ్చి, దొనకు చెప్పీ చెప్పీ పేరు పోగొట్టుకున్న ఆమె కోసం.

అది ఎవరికీ తెలియదు. చక్కెర కోసం పడుచులు చేతులు చాపుతున్నారు. ఉచ్చీరమ్మ మాత్రం కొంగు దించలేదు, లేవలేదు. ఆ ఊరుకున్న చోటికి, మెల్లగా, పక్కన కూర్చున్న మనిషికి వినబడేంత మెల్లగా, మళ్ళీ ఒకసారి పలికింది.

“ఈడే ఉండాది.”

ఇద్దరిలో ఎవరికి పలికిందో సర్దార్‌బీ అడగలేదు. అరుగు మీద, ఉచ్చీరమ్మ పక్కన, కూర్చుంది.